వ్యాను కొంటున్న మేనకోడలికి

రాయగడ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు పాత వ్యాను కొంటుందట, అందులో మంచం వేయించుకుంటుందట, ఒక్కర్తీ దేవమాలి కొండలమ్మట తిరుగుతుందట. నువ్వే నాలుగు చీవాట్లు పెట్టాలి తమ్ముడూ" అంది. సరే, పెడతానన్నాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యతో "స్టీరింగ్ పట్టడం నేర్పింది నేనే కదా" అన్నాను. కాసేపటికి మళ్లీ అదే అన్నానట. గుణుపురంలో ఆ బడి మైదానం గుర్తుందా? క్లచ్ వదిలిన ప్రతిసారీ బండి ఎగిరి ఆగిపోయేది. నువ్వు ఏడుస్తావేమో అనుకున్నాను. "ఇంకోసారి మావయ్యా" అన్నావు. అలా చీకటి పడేదాకా పదకొండుసార్లు.

కాబట్టి వెళ్లొద్దని రాయను. కానీ ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

వాట్సాప్‌లో పంపిన మూడు బండ్ల ఫోటోలూ చూశాను. ట్రావెలర్ లోపల నిలబడొచ్చు, నిజమే. కానీ నువ్వు వెళ్దామంటున్న ఊళ్ల దారుల్లో చింతకొమ్మలు దాని నెత్తికి తగులుతాయి, ఇరుకు మలుపుల్లో రెండేసిసార్లు వెనక్కి తీయాలి. ఒక్క మనిషికి అంత బండి ఎందుకు? వింగర్ రోడ్డు మీద హాయిగా ఉంటుంది. అయితే దానికి ముందు చక్రాలే లాగుతాయి. వెనకాల సామాను నింపి గులకరాళ్ల ఎగుడు ఎక్కితే బరువంతా వెనక్కి పోయి ముందు టైర్లు ఉత్తినే తిరుగుతాయి. మూడోది, ట్రాక్స్ క్రూజర్, అదే నాకు నచ్చింది. చూడ్డానికి అందంగా లేదని రాశావు. ఈ కొండల్లో సంతలకి జనాన్ని మోసేది ఆ బండే తల్లీ. కింద గట్టి ఛాసీ, వెనక కమాను కట్టలు. లక్ష్మీపూర్‌లో ఆగినా మునిగుడలో ఆగినా దాని గుణం తెలిసిన మెకానిక్ ఒకడు ఉంటాడు. ఎంత గొప్ప బండైనా ఒక రోజు ఆగుతుంది. ఆగినచోట బాగుచేసే చెయ్యి ఉందా లేదా అని చూసుకుని కొనాలి.

ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగడం, లేదని బెంగ పడకు. గూర్ఖా జీపుకి అది ఉంది, ఒక చక్రం జారినా రెండోది లాగేలా పట్టి ఉంచే డిఫరెన్షియల్ లాక్ కూడా ముందూ వెనకా ఉంది, మంచి బండే. కానీ నువ్వు ఎక్కడికెళ్లినా ముందు దిగి, నడిచి, నేల చూసి, ఆ తర్వాత బండి తెస్తే చాలామటుకు దాని అవసరం రాదు. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు వేయించు, స్టెప్నీలు రెండు పెట్టుకో. టైర్ల సైజు పెంచకు. మెత్తటి నేలలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించు, గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపు. దానికి చిన్న కంప్రెసర్ చాలు. జాకీ కింద పెట్టడానికి వెడల్పాటి మందపు చెక్క ఒకటి ఉండాలి, బురదలో చెక్క లేకపోతే బండి లేవదు, జాకీయే దిగిపోతుంది.

పాత బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి, మందపాటి గుడ్డ మడతపెట్టి సైలెన్సర్ గొట్టం మూతికి ఒక్క క్షణం అదిమి పట్టు. గొట్టంలో ఎక్కడ చిల్లు ఉన్నా, జాయింటు వదులుగా ఉన్నా కింద నుంచి బుస్సుమని వినిపిస్తుంది. తర్వాత కింద పాకి, టార్చి వేసి ఫ్లోరు చూడు. తుప్పు పట్టి చిల్లులు పడ్డాయా? పడితే ఇంజన్ పొగ నేరుగా నీ మంచం కిందికే వస్తుంది.

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తున్నాను. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1991 డిసెంబరు. అప్పటికి రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలోనే ఉంది. ఒక సర్వే బృందానికి నేను మేటడోర్ వ్యాను నడిపేవాణ్ని. పొట్టంగి దాటి కొండ మీద మకాం. ఇంజినీర్లకి డేరాలు వేశారు. నేనూ క్లీనర్ కుర్రాడూ బండిలో పడుకునేవాళ్లం. వాడికి పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో, సాలూరు పక్క పల్లెటూరు. వాళ్లమ్మ నా చేతిలో పెట్టి "అన్నం తినకపోతే రెండు తగిలించు బాబూ" అని చెప్పి పంపింది.

అక్కడి చలి నీకు తెలుసు. తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు జల్లినట్టు ఉండేది. రెండు రాత్రులు ఓర్చుకున్నాం. మూడో రాత్రి నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. అన్నం వండాక కుంపట్లో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. మంట లేదు, పొగ అసలే లేదు. పొగ లేనిదే ప్రమాదం ఏముందనుకున్నాను. కుంపటి తెచ్చి బండి మధ్యలో రేకు మీద పెట్టాను. కిటికీల సందుల్లో గోనెసంచులు కుక్కాను. ఆ కుక్కడం కూడా ఎంత శ్రద్ధగా చేశానో. ఒక్క వేలు పట్టే సందు దొరికినా వదల్లేదు. కుర్రాడు "ఎంత వెచ్చగా ఉందో గురువుగారూ" అని దుప్పటి ముసుగు తీసి పడుకున్నాడు.

నా వైపు తలుపు సరిగ్గా పడేది కాదు. గొళ్లెం అరిగిపోయి రెండు వేళ్ల సందు ఉండేది. బాగు చేయించమని పదిసార్లు చెప్పినా నేను చేయించలేదు. ఆ సందుకి పెట్టడానికి గోనె సరిపోలేదు. దానికి తల ఆనించి పడుకున్నాను.

ఏ జామునో మెలకువ వచ్చింది. తల రెండు చెక్కలవుతున్నట్టు నొప్పి. కడుపులో తిప్పుతోంది. మలేరియా మొదలైందనుకున్నాను. లేచి నీళ్లు తాగుదామంటే కాళ్లు నావి కావు. వాణ్ని పిలిచాను. పలకలేదు. చెంప మీద కొట్టాను. తల అటు వాలింది. అప్పుడు భయం వేసింది. తలుపు తోసి కింద పడ్డాను, పడి, వాడి రెండు కాళ్లూ పట్టి బయటికి లాగాను. గడ్డి మీద తడికి వాడి చొక్కా నీళ్లోడుతోంది. చాలాసేపటికి మూలిగాడు, వాంతి చేసుకున్నాడు. తెల్లారాక జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు "బొగ్గు లోపల పెట్టారా?" అని మొదటి మాటే అడిగారు. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా నెత్తురుని పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాణ్ని అలాగే మత్తులోకి తోస్తుంది, అందుకే మనిషి లేవడు.

వాడు బతికాడు. వారం తిరక్కుండా లేచి తిరిగాడు, అందరం గండం గడిచిందనుకున్నాం. ఓ నెల తర్వాత మాటలు మర్చిపోవడం మొదలైంది. పానా తెమ్మంటే వెళ్లి అక్కడే నిలబడేవాడు, ఎందుకు వచ్చాడో గుర్తు రాక. ఆ గాలి పట్టినవాళ్లలో కొందరికి అలా ఆలస్యంగా బయటపడుతుందని తర్వాత తెలిసింది. బండి లైను వదిలేసి ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు వాళ్ల ఇంటి అరుగు మీద చిన్న కిరాణా కొట్టు. వాళ్ల ఆవిడ చిల్లర లెక్క చూసుకుంటుంది. ఏటా సంక్రాంతి ముందు నేను సాలూరు వెళ్తానంటే, దేనికో ఎప్పుడూ చెప్పలేదు కదా. నన్ను చూడగానే "గురువుగారూ, బండి ఎక్కడ పెట్టారు" అంటాడు. ప్రతిసారీ అదే మాట. వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు. భోజనం పెట్టి పంపేది.

అందుకే అమ్మలూ, మంచం ఎంత పొడుగు, లైట్లు ఎన్ని అని నువ్వు రాస్తుంటే నేను గాలి ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడి నుంచి పోతుంది అని అడుగుతున్నాను. పైకప్పులో ఒక ఫ్యాన్ వెంటు, కింద ఎదురు వైపు ఒక కంత, రెండూ ఉండాలి. రాత్రి చలేసినా వానొచ్చినా రెండూ తెరిచే ఉండాలి. దోమలకి భయపడి మూయొద్దు. రెంటికీ సన్నటి స్టీలు జాలీ కొట్టించు, మంచానికి దోమతెర కట్టుకో. కోరాపుట్ అడవుల్లో మలేరియా ఉంది, అది కూడా తేలిక జబ్బు కాదు. చలికి రగ్గులు వేసుకో, వేడినీళ్ల సంచి పెట్టుకో. నిప్పు మాత్రం లోపలికి వద్దు. ఇంజన్ ఆన్ చేసి పడుకోవడం వద్దు. వంట బయట, వెనక తలుపు ఎత్తి దాని నీడన చేసుకో. అయిదు కిలోల సిలిండర్ చాలు. అది పెట్టే పెట్టెకి అడుగున కంత ఉండాలి, వంట గ్యాస్ గాలి కన్నా బరువు, కారితే కిందికే చేరుతుంది. అందుకే గ్యాస్ అలారం నేల దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ అలారం దిండు దగ్గర పెట్టాలి. రెండూ వేర్వేరు పరికరాలు, ఒకటి ఉంది కదా అని రెండోది మానకు. దిండు దగ్గరది నేను కొనేశాను.

మిగతావి త్వరగా చెప్తాను. కాగితాలు ముందు చూడు. ట్యాక్సీ నంబరు బండి అయితే సొంత బండిగా మార్పించకుండా డబ్బు ఇవ్వకు. సీట్లు తీయించాలన్నా, పైకప్పు కోయించాలన్నా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, కాగితం మీద అనుమతి తీసుకో. కంపెనీ ఇచ్చిన తీరుకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మార్పు ఆర్సీలో ఎక్కకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. మంచం మాత్రం విప్పి బయట పెట్టగలిగేలా చేయించు.

నీళ్ల ట్యాంకు నలభై లీటర్లంటే నలభై కిలోలు. అది కింద, రెండు ఇరుసుల మధ్య ఉండాలి. పైన క్యారియర్ మీద బరువు పెడితే మలుపులో బండి వాలుతుంది. ఫ్రిజ్‌కీ లైట్లకీ వేరే బ్యాటరీ పెట్టు, స్టార్టింగ్ బ్యాటరీ ముట్టుకోకు. 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే చిన్న ఫ్రిజ్‌ని ఎండ లేకపోయినా రెండు రోజులు నడుపుతుంది. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. వైరు రేకులోంచి వెళ్లే ప్రతిచోటా రబ్బరు వాషర్ వేయించు, లేకపోతే గతుకులకి వైరు ఒరుసుకుని నిప్పు రాజుకుంటుంది.

సుంకి ఘాటీ సాలూరు వైపు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకు మీద కాలేసి దిగితే సగం దారిలో కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత తొక్కినా పట్టదు.

గెడ్డ, అదే కొండవాగు, పక్కన ఇసుక ఎంత చదునుగా, శుభ్రంగా ఉన్నా అక్కడ రాత్రి ఉండకు. నీ నెత్తి మీద చుక్కలు కనిపిస్తుంటాయి, పైన కొండ మీద వాన కురుస్తుంటుంది. 2017 జూలైలో నాగావళి పొంగి కల్యాణసింగ్‌పూర్ వైపు ఏం చేసిందో చూశాం కదా, తెరువలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. గెడ్డ దాటాలంటే కర్ర పట్టుకుని నడిచి చూడు, నీళ్లు మోకాలు దాటితే బండి వెనక్కి తిప్పు.

ఏ ఊరి దగ్గర ఆగినా వెలుగుండగానే ఊళ్లోకి నడిచి వెళ్లి, పెద్దాయనని కలిసి, ఇక్కడ ఈ రాత్రి ఉండొచ్చా అని అడుగు. కొండవాళ్లు మర్యాద తెలిసినవాళ్లు. చోడంబలి ఇస్తే వద్దనకు. ఎవరైనా వద్దంటే అందులో ఏదో కారణం ఉంటుంది, మారు మాట్లాడకుండా కదులు. రోజూ సాయంత్రం ఎక్కడున్నావో మెసేజ్ పెట్టు. సిగ్నల్ లేని చోటికి వెళ్తుంటే వెళ్లేముందే చెప్పు, ఎన్నింటికి బయటికి వస్తావో కూడా చెప్పు. ఆ టైము దాటి రెండు గంటలైతే నేను బయల్దేరతాను. ఇది బెదిరింపు కాదు తల్లీ. నాకు అరవై ఎనిమిది వచ్చినా ఘాటీ ఎక్కగలను.

బండి చేతికి రాగానే ముందు ఇక్కడికి తీసుకురా. ఆదివారం మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయిద్దాం. మన వైపు నుంచి వచ్చే బండ్లతో ఆ రోజు రద్దీగా ఉంటుంది, పొద్దున్నే వెళ్దాం. మీ అత్తయ్య దోమతెర కుడుతోంది, మంచం కొలతలు పంపు. అంగుళాల్లో కాదు, సెంటీమీటర్లలో పంపమంది.

అనుమతి కాగితం వచ్చినా పైకప్పుకి కంత మాత్రం అక్కడ కోయించకు. అది నేను కోస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య