కిసుము వెళ్లగానే డాష్‌బోర్డు మొదలెట్టకండి

ప్రశ్న: నేను రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటా అనలిస్టుని. వాలంటీర్ ప్రోగ్రాం కింద కంపెనీ నన్ను మూడు నెలలు కెన్యాలోని కిసుముకు పంపుతోంది. పల్లెల్లో గర్భిణులకు ఆరోగ్య సేవలందించే స్వచ్ఛంద సంస్థలో పని. జీతం ఇక్కడిదే వస్తుంది. వాళ్లకో డాష్‌బోర్డు (లెక్కలన్నీ ఒకే స్క్రీన్ మీద చూపించేది) చేసి రమ్మని మా మేనేజరు అంటున్నారు. అక్కడికెళ్లాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. జ్వరాలొస్తాయని అమ్మ భయపడుతోంది. మీరేమంటారు మేడమ్?
- ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: అమ్మగారి భయం ఉత్తదేమీ కాదు. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డునే ఉంది, ఆ చుట్టుపక్కల మలేరియా ఎక్కువ. డాక్టరు రాసిచ్చే నివారణ మాత్రలు బయల్దేరకముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా ఆయన చెప్పినన్నాళ్లూ వేసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా ఇంకా ముఖ్యం. కెన్యా నుంచి వస్తూ ఆ సర్టిఫికెట్ చూపించకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లుబాటు కాదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ వాళ్లు వేస్తారు. ఏ రోజు వేస్తారో కనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకెళ్లండి.

జీతం అక్కడ తీసుకోకపోయినా పని పనే. టూరిస్టుగా దిగిపోదామని ఎవరన్నా చెబితే వినకండి. తాత్కాలిక పనికి వచ్చేవాళ్లకు కెన్యాలో స్పెషల్ పాస్ ఉంది, దానికి అక్కడి స్వచ్ఛంద సంస్థ చేతే దరఖాస్తు పెట్టించండి. పోలీస్ క్లియరెన్స్ అడిగితే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా వస్తుంది. ఈ మూడు నెలలూ అప్రైజల్‌లో ఎలా లెక్కేస్తారో మెయిల్లో రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు.

ఇక అసలు పని. ఉద్యోగంలో ఉండగా నేనూ ఇలాంటి అసైన్‌మెంట్ మీద తూర్పు ఆఫ్రికా వెళ్లాను. అంతకుముందు వచ్చిన వాలంటీరు ఎవరో చక్కటి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టి వెళ్లారు. పాస్‌వర్డ్ కూడా ఆయనతో పాటే విమానమెక్కింది! అక్కడి గుమాస్తా ఏమో పొడుగాటి రిజిస్టరులో స్కేలుతో గళ్లు గీసుకుని తన పని తాను చేసుకుపోతోంది. గర్భిణి పేరు పక్కన టిక్కు ఉంటే పరీక్షకు వచ్చినట్టు. కొన్ని పేర్ల పక్కన ఎర్రచుక్క ఉంది. ఏమిటని అడిగితే, ఆవిడ కబురు పెట్టినా రాదు, ఎవరో ఒకరు ఇంటికెళ్లి చూడాలి అంది. ఆ చుక్క పెట్టడానికి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా గడి లేదు. ఆ సంస్థ నడిచేదే ఆ చుక్క మీద.

అందుకే మొదటి రెండు వారాలు ఏమీ తయారుచేయకండి. రిజిస్టరు రాసేవాళ్ల పక్కన కుర్చీ వేసుకు కూర్చోండి, పల్లెలకెళ్లే ఆరోగ్య కార్యకర్తల వెంట తిరగండి. 2008లో ఐబీఎం మొదలుపెట్టిన ఇలాంటి కార్యక్రమంలో ఉద్యోగులకు నెల రోజులే దొరికేది. మీకు మూడు నెలలుంది, తొందరేముంది? మీరొచ్చేశాక ఆ డాష్‌బోర్డును నడిపేదెవరో పేరుతో సహా ఇప్పుడే అడగండి. ఆ పేరు చెప్పలేకపోతే డాష్‌బోర్డు మానేసి, వాళ్లకు తెలిసిన ఎక్సెల్‌లోనే పని తేలిక చేసి రండి. మేనేజరుకు ఇది చప్పగా అనిపించొచ్చు, అనిపించనివ్వండి.

మిగతావి చిన్న విషయాలు. దిగగానే అక్కడి సిమ్ తీసుకోండి. 2007 నుంచి నడుస్తున్న ఎం-పెసా (ఫోన్లోనే డబ్బు పంపే సేవ) లేనిదే అక్కడ రోజు గడవదు. ఫోన్‌పేకు అలవాటుపడ్డ మీకది పెద్ద కష్టమేమీ కాదు. కెన్యా టైము మన కంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి అమ్మగారికి అక్కడి సాయంత్రం ఆరులోపే ఫోన్ చేయండి. తిండికి బెంగ లేదు. సరస్సు తిలాపియాను నిలువునా వేయించి, సంకటి ముద్దలాంటి ఉగాలీతో పెడతారు. విశాఖ నాలుకకు కారం ఒక్కటే తక్కువ, పచ్చడి సీసా సర్దుకోండి.

ఇంకొకటి, ఆ గర్భిణుల పేర్లున్న ఫైలేదీ మీ ల్యాప్‌టాప్‌లో విశాఖకు రాకూడదు. కెన్యాలో 2019 నుంచి డేటా రక్షణ చట్టం ఉంది. ఆఫీసులో డెమో అడిగితే ఉత్తుత్తి పేర్లు పెట్టి చూపించండి.