నీ ఫోనులో 2జీని ఆపివేయడం గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫోను సెట్టింగ్స్‌లో 2జీకి సంబంధించిన ఆప్షన్ ఒకటి కనబడిందనీ, ఆపితే ఏమవుతుందో, ఉంచితే ఏమవుతుందో తెలియక అలాగే వదిలేశాననీ రాశావు. తెలియనిదాన్ని నొక్కి చూడకుండా ముందుగా అడిగినందుకు సంతోషించాను. ఉద్యోగకాలమంతా మొబైల్ నెట్‌వర్కుల పనిలోనే గడిపినవాణ్ణి కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: 2జీని ఆపివెయ్యి. అయితే ఆపే ముందు ఒక విషయం పరీక్షించుకోవాలి, ఆపిన తరువాత కొన్నాళ్లు గమనించుకోవాలి. ఆ రెండింటికీ ఓపిక లేనివారు దాని జోలికి వెళ్లకపోవడమే మేలని కూడా నా అభిప్రాయం.

ఎందుకు ఆపమంటున్నానో ముందు చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తేనే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తాత్కాలికంగా మళ్లీ తెరవాలో నీకు నువ్వే నిర్ణయించుకోగలవు. 2జీ అని మనం పిలిచే జీఎస్ఎం పద్ధతిలో వాణిజ్య సేవలు 1991లో ఫిన్లాండ్‌లో మొదలయ్యాయి. అంతకు ముందరి అనలాగ్ ఫోన్లలో ఒకరి ఖాతా మీద మరొకరు దొంగతనంగా కాల్స్ చేసుకోవడం పెద్ద బెడదగా ఉండేది. అందుచేత జీఎస్ఎం రూపకర్తలు సిమ్‌లో ఒక రహస్య సంకేతం దాచి, నెట్‌వర్కు అడిగిన ప్రశ్నకు ఆ సంకేతం సాయంతో సరైన జవాబు చెప్పిన ఫోనునే లోనికి రానిచ్చే ఏర్పాటు చేశారు. కానీ టవరు తాను నిజమైన టవరేనని ఫోనుకు రుజువు చేసుకునే ఏర్పాటు మాత్రం అందులో లేదు. టవరు పరికరాలు పెద్ద సంస్థలకు తప్ప మరెవరికీ అందని ఆ కాలంలో అలాంటి అవసరం ఉంటుందని వారికి తోచలేదు. ఫలితంగా 2జీలో ఉన్న ఫోను, తలుపు తట్టినవారెవరో అడగకుండానే గడియ తీసే ఇల్లు వంటిది. బలమైన సిగ్నల్ ఇచ్చే ఏ పరికరమైనా నేనే మీ ఆపరేటర్‌నని చెబితే అది నమ్మి చేరిపోతుంది.

ఇప్పుడు ఆ పరికరాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. 2010లో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ భద్రతా సదస్సులో సుమారు 1,500 డాలర్ల సామగ్రితో నకిలీ జీఎస్ఎం టవరును నిలబెట్టి, సభలోనివారి ఫోన్లు దానికి ఎలా చేరిపోతాయో బహిరంగంగా చూపించారు. ఆ తరువాత రేడియో పరికరాలు ఇంకా చిన్నవీ, చవకైనవీ అయ్యాయే తప్ప పరిస్థితి మెరుగుపడలేదు.

రెండో లోపం రహస్యానికి సంబంధించినది. 2జీలో మాటలను సంకేత రూపంలోకి మార్చే ఏ5/1 అనే పద్ధతి వాడే సంకేతం పొడవు 64 బిట్లు మాత్రమే. 2009 చివరలో బెర్లిన్‌లో జరిగిన ఒక సదస్సులో కార్‌స్టెన్ నోల్ అనే పరిశోధకుడు, దాన్ని ఛేదించడానికి ముందే లెక్కకట్టిపెట్టిన పట్టికలను బయటపెట్టారు. అవన్నీ కలిపి 2 టెరాబైట్లకు లోపే, అంటే ఒక మామూలు హార్డ్ డిస్కులో సరిపోయేంతే. అంతకన్నా నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. సంకేత రూపం వాడాలా వద్దా అనేది 2జీలో టవరే నిర్ణయిస్తుంది, వద్దంటే ఫోను ఒప్పుకుంటుంది. అలాంటప్పుడు వినియోగదారుకు తెరమీద హెచ్చరిక చూపాలని ప్రమాణాల్లోనే రాశారు. కానీ ఆ హెచ్చరికను చూపాలా మానాలా అని చెప్పే ఒక బిట్‌ను సిమ్‌లోనే పెట్టి, దాని మీద అధికారం ఆపరేటర్‌కు ఇచ్చారు, దానితో ఆ హెచ్చరికను చూసినవారే అరుదైపోయారు. తన మాట బట్టబయలుగా వెళుతోందని తెలుసుకునే హక్కు మాట్లాడేవారికి ఉండితీరాలని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

మరి నీ ఫోను ఎప్పుడూ 4జీలోనో 5జీలోనో ఉంటుంది కదా, 2జీ లోపాలతో నీకేం పని అని అడగవచ్చు. ఇటీవల చాలా దేశాల్లో బయటపడుతున్న మోసం ఎలా జరుగుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. మోసగాళ్లు కారు డిక్కీలో నకిలీ బేస్ స్టేషన్, అంటే చిన్న నకిలీ టవరు, పెట్టుకొని రద్దీగా ఉన్న వీధుల్లో తిరుగుతారు. అది మొదట 4జీ టవరులా బలమైన సిగ్నల్ ఇచ్చి చుట్టుపక్కల ఫోన్లను తన వైపు లాగుతుంది. 4జీలో టవరు కూడా తన గుర్తింపును రుజువు చేసుకోవాలి కనుక అక్కడ దాని ఆట సాగదు. అయితే ఆ పరీక్ష పూర్తికాక ముందే ఫోనును తిప్పికొట్టి 2జీ వైపు మళ్లించే సందు మాత్రం ఉంది. ఫోను 2జీలోకి దిగిన మరుక్షణం దానికి ఒక ఎస్ఎంఎస్ పంపి వదిలేస్తుంది. పంపినవారి పేరు దగ్గర ఏది కావాలంటే అది పెట్టవచ్చు కాబట్టి, నీ బ్యాంకు పేరు పెడితే ఆ సందేశం నిజమైన బ్యాంకు సందేశాల వరుసలోనే వచ్చి చేరుతుంది: పైన మొన్నటి ఖాతా నిల్వ, దాని కింద నిన్నటి ఓటీపీ, ఆ కిందనే ‘మీ ఖాతా నిలిచిపోయింది, ఇక్కడ నొక్కండి’ అనే దొంగ లింకు. ఇంత జరిగే లోపల సిగ్నల్ గీతల పక్కన 4జీ గుర్తు పోయి ఈ అనో జీ అనో ఇంగ్లిష్ అక్షరం కొన్ని క్షణాలు కనబడి మాయమవుతుంది, చేతిలో ఫోను పట్టుకొని ఉన్నవారు కూడా గమనించలేరు. పైగా ఆ సందేశం ఆపరేటర్ నెట్‌వర్కు గుండా రానేలేదు కనుక ఆపరేటర్ పెట్టిన స్పామ్ వడపోతలేవీ దాన్ని అడ్డుకోలేవు. 2024లో బ్రిటన్‌లో ఇంట్లో తయారుచేసిన ఇలాంటి పరికరంతో వేల సందేశాలు పంపారన్న అనుమానం మీద ఇద్దరిని అరెస్టు చేశారు. 2జీ ఆపి ఉన్న ఫోను ఆ మళ్లింపును పాటించదు. నీకు కలిగే ముఖ్యమైన ప్రయోజనం ఇదే.

ఇక ముందుగా చేయవలసిన పరీక్ష. నీ కాల్స్ ఏ దారిన వెళుతున్నాయో తెలుసుకోవాలి. 4జీ మొదట డేటా కోసమే రూపొందింది. దాని మీద మాట కూడా వెళ్లాలంటే వోల్టీ అనే సదుపాయం ఫోనులోనూ, సిమ్ పథకంలోనూ, ఆపరేటర్ దగ్గరా మూడుచోట్లా ఉండాలి. ఏ ఒక్కచోట లేకపోయినా, కాల్ వచ్చిన ప్రతిసారీ ఫోను 3జీకో 2జీకో దిగి మాట్లాడించి, కాల్ ముగిశాక మళ్లీ 4జీకి ఎక్కుతుంది. పరీక్ష చాలా సులువు. ముందు వైఫై ఆపు, లేకపోతే కాల్ వైఫై మీదుగా వెళ్లి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. తరువాత ఎవరికైనా కాల్ చేసి, మాట్లాడుతూనే తెర పైభాగంలో చూడు. కాల్ నడుస్తున్నంతసేపూ 4జీ లేదా 5జీ గుర్తు నిలిచి ఉంటే వోల్టీ పనిచేస్తున్నట్టే. కాల్ కలవగానే ఆ గుర్తు పోయి 3జీ అనో, H, E వంటి ఇంగ్లిష్ అక్షరాలో కనబడితే పనిచేయడం లేదన్నమాట. అప్పుడు సెట్టింగ్స్‌లో వోల్టీ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, అప్పటికీ కుదరకపోతే ఆపరేటర్‌ను అడిగి సరిచేయించుకున్న తరువాతే 2జీని ముట్టుకో.

ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయం 2021లో వచ్చిన 12వ వెర్షన్‌తో మొదలైంది. అయితే ఫోనులో నెట్‌వర్కుతో సంభాషించే మోడెమ్ అనే చిప్ కూడా సహకరించాలి కనుక, వెర్షన్ కొత్తదైనా కొన్ని ఫోన్లలో ఆప్షన్ ఉండదు. పిక్సెల్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద సిమ్స్‌లోకి వెళ్లి, సిమ్‌ను ఎంచుకుంటే కనబడుతుంది. సామ్‌సంగ్ కొత్త ఫోన్లలో కనెక్షన్స్ కింద మొబైల్ నెట్‌వర్క్స్‌లో ఉంటుంది. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్కచోట పెడుతుంది కాబట్టి, సెట్టింగ్స్ పైనున్న సెర్చ్‌లో 2జీ అని ఇంగ్లిష్‌లో టైపు చేయడం అన్నిటికన్నా దగ్గరి దారి. పేరును మాత్రం నిదానంగా చదువు. కొన్ని ఫోన్లలో అది ‘అలౌ 2జీ’ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి. మరికొన్నిటిలో ‘2జీ నెట్‌వర్క్ ప్రొటెక్షన్’ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. తొందరలో ఈ రెండింటినీ తారుమారు చేసుకోవడం చాలా సులువు. నీ ఫోనులో రెండు సిమ్‌లు ఉన్నాయి కనుక రెండింటికీ విడివిడిగా చేయాలన్నది కూడా మరచిపోవద్దు. ఆండ్రాయిడ్‌లో ఇలా ఆపినా అత్యవసర కాల్స్‌కు 2జీ అందుబాటులోనే ఉంటుంది, ఆ విషయంలో దిగులు పెట్టుకోకు.

ఐఫోనులో 2జీని మాత్రమే ఆపే ఆప్షన్ లేదు. వాయిస్ అండ్ డేటాలో ఎల్‌టీఈ, అంటే 4జీ, ఎంచుకుంటే సరిపోతుందని చాలామంది పొరపడతారు. అది పై హద్దును నిర్ణయిస్తుందే గాని, సిగ్నల్ తగ్గినప్పుడు కిందికి దిగకుండా ఆపదు. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుండి లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేస్తే 2జీ ఆగిపోతుంది. కానీ ఆ మోడ్ సందేశాల్లోని చాలా రకాల అటాచ్‌మెంట్లను, కొన్ని వెబ్‌సైట్ల పనితీరును కూడా కట్టడి చేస్తుంది. ప్రత్యేకంగా తమనే లక్ష్యం చేసుకునే శత్రువులు ఉన్నవారికి అది తగినదే గాని, కేవలం 2జీ కోసం దాన్ని పెట్టుకోమని నీ స్నేహితులకు చెప్పవద్దు.

ఒక దారి మాత్రం పట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. డయలర్‌లో స్టార్, హ్యాష్ గుర్తుల మధ్య 4636 నొక్కితే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరుచుకునే పరీక్షల పేజీలో ‘ఎల్‌టీఈ ఓన్లీ’ అనే ఎంపిక ఉంటుంది, దాన్ని పెట్టుకోమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. అది సాంకేతిక నిపుణుల పరీక్షల కోసం ఉద్దేశించిన పేజీ. అక్కడ చేసిన మార్పు 3జీని కూడా మూసేస్తుంది, వోల్టీ లేకపోతే కాల్స్‌నూ మూసేస్తుంది, అత్యవసర కాల్ ఏ దారిన వెళ్లాలన్న విషయంలో నమ్మకమైన హామీ ఏదీ ఇవ్వదు. 2024లో ఆస్ట్రేలియాలో 3జీ మూసివేసినప్పుడు, డేటాకు 4జీ వాడుతూ అత్యవసర కాల్స్‌కు మాత్రం 3జీ మీదే ఆధారపడే ఫోన్లు ఉన్నాయని తేలి, వాటిని నెట్‌వర్కుల నుండే తొలగించవలసి వచ్చింది. 4జీ కనబడుతున్నంత మాత్రాన ఆపదలో కాల్ కలుస్తుందని అనుకోకూడదు.

3జీని ఆపాలా అని కూడా అడిగావు, అక్కరలేదు. 2001లో జపాన్‌లో వాణిజ్యపరంగా మొదలైన 3జీ నాటికే టవరు కూడా తన గుర్తింపును రుజువు చేసుకోవాలన్న నియమం వచ్చింది, సంకేతం పొడవు కూడా 128 బిట్లకు పెరిగింది. అది పాతదే గాని 2జీ వంటి ప్రమాదం కాదు.

ఆపిన తరువాత ఒక వారం పాటు నువ్వు రోజూ తిరిగే చోట్ల గమనించు: ఆఫీసు లిఫ్టులో, సెల్లారులో, ఊరి పొలిమేర దాటాక దారిలో. కాల్స్ వస్తున్నాయా, బ్యాంకు ఓటీపీలు వేళకు అందుతున్నాయా చూడు. ఎక్కడైనా సిగ్నల్ పూర్తిగా పోతుంటే, ఇన్నాళ్లూ అక్కడ 2జీయే నిన్ను ఆదుకుంటోందని అర్థం. అలాంటి చోట నువ్వు చాలాసేపు ఉండవలసి వస్తే వైఫై కాలింగ్ పెట్టుకో, అది కుదరకపోతే ఆ సమయానికి 2జీని మళ్లీ తెరువు, దానికి సందేహించవద్దు. విదేశాలకు వెళ్లేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. జర్మనీలో 2021లోనే 3జీని మూసేసి 2జీని మాత్రం కొనసాగించారు. అలాంటి చోట అక్కడి నెట్‌వర్కులో కూడా నీ వోల్టీ పనిచేసేలా నీ ఆపరేటర్‌కు రోమింగ్ ఒప్పందం లేకపోతే కాల్స్‌కు 2జీయే దిక్కు. సిమ్ మార్చినప్పుడు, నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేసినప్పుడు ఆ ఆప్షన్‌ను మళ్లీ ఒకసారి చూసుకో.

దీనితో అన్ని మోసాలూ ఆగిపోతాయని మాత్రం అనుకోవద్దు. మామూలు దారిలో వచ్చే దొంగ సందేశాలు వస్తూనే ఉంటాయి. నీ సిమ్‌ను మరొకరు తమ పేరుకు మార్పించుకుంటే 2జీ ఆపి ఉంచడం దాన్ని అడ్డుకోదు. అందుకని ముఖ్యమైన ఖాతాలకు ఎస్ఎంఎస్ ఓటీపీకి బదులు ఫోనులోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ గాని, పాస్‌వర్డుకు బదులు ఫోను లాక్‌తోనే లోనికి వెళ్లనిచ్చే పాస్‌కీ గాని పెట్టుకో. బ్యాంకు పేరుతో వచ్చిన సందేశం ఏ వరుసలో కనబడినా అందులోని లింకు నొక్కకుండా బ్యాంకు యాప్‌ను నేరుగా తెరిచి చూసుకో.

మీ అమ్మ ఫోను సంగతి వేరు. అది పాతది కనుక అందులో వోల్టీ ఉందో లేదో నువ్వే కాల్ చేయించి చూడు. లేకపోతే 2జీని అలాగే ఉంచు, తనకు కాల్ కలవడం అన్నిటికన్నా ముఖ్యం. ఉంటే మాత్రం తాను పక్కన ఉన్నప్పుడే ఆపి, సిగ్నల్ అందనప్పుడు ఆ ఆప్షన్‌ను ఎలా తెరవాలో తన చేతనే రెండుసార్లు చేయించు.

ఇట్లు,
నీ మామయ్య