అల్లుడూ, గొలుసు చేతికొచ్చింది కదా

చిరంజీవి అల్లుడికి దీవెనలు.

మొయినాబాద్‌లో ట్రైనింగ్ ముగిసిందనీ, తుపాకులు పసిగట్టే ల్యాబ్రడార్‌ని నీకిచ్చారనీ అక్క ఫోన్లో చెప్పింది. కుక్కల్ని తిప్పే ఉద్యోగమా అని బావ మొహం మాడ్చుకున్నాడట. నన్నూ అలాగే అన్నాడులే.

కుక్క ఇనుము కోసం వెతుకుతుందనుకోకు. అది పట్టేది తూటాలోని మందు, తుపాకికి రాసే నూనె, పేల్చాక గొట్టంలో మిగిలే మసి. స్టోర్లోని ఒకే తుపాకితో నేర్పితే నాటు తుపాకిని దాటుకుని పోతుంది. పేల్చినవీ, తుడిచినవీ, విడి తూటాలూ మార్చి మార్చి పెట్టు. దాచే మనిషినీ మార్చు. మా దగ్గర నెలరోజులు ఒకే కానిస్టేబుల్ దాచాడు. చివరికి మా కుక్క వాడి టిఫిన్ డబ్బా ముందు, దొరికిందన్నట్టు, కూర్చుంది!

అసలు చెప్పాల్సింది నీ ఒంటి గురించి. ఓసారి సోదాలో బీరువా మీద నాకు అనుమానం. దాని దగ్గర నా అడుగు నెమ్మదించింది, గొలుసు బిగిసింది. కుక్క నా మొహం చూసి కూర్చుంది. బట్టలన్నీ కింద పోయించాం, చీరలు తప్ప ఏమీ లేవు. ఆ ఇంటి పెద్దావిడ చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కాలిఫోర్నియాలో 18 జట్లతో, అంటే కుక్కా దాన్ని నడిపే హ్యాండ్లరూ కలిసి ఒక జట్టు, చేసిన ఓ పరీక్ష 2011లో అచ్చయింది. మాదకద్రవ్యాలు గానీ పేలుడు మందు గానీ ఏమీ పెట్టని గదుల్లో 144 సార్లు వెతికించారు. ఇక్కడ ఉంది అని హ్యాండ్లర్లు నమ్మిన చోటే కుక్క 'ఉంది' అందని ఎక్కువసార్లు చెప్పారట. చదివినప్పుడు నాకు ఆ బీరువానే కనిపించింది.

అందుకని ఎక్కడ దాచారో నీకే తెలియని గదిలోనే సాధన చెయ్. ఏమీ దాచని గదులు కూడా మధ్యమధ్య ఇవ్వు. గొలుసు వదులుగా ఉంచు, ఆగకుండా నడువు.

ఎండల్లో తెల్లారగట్లే పని ముగించు. నోరు తెరిచి వగర్చే కుక్క ముక్కుతో సరిగా పనిచెయ్యదు. గాలికి ఎదురుగా తీసుకెళ్లు.

అది కూర్చుంటే బంతిచ్చి బయటికి తీసుకొచ్చెయ్. వస్తువు మీద చెయ్యెయ్యకు. తూటా ఎక్కించి ఉండొచ్చు, వేలిముద్రలూ పోతాయి. నిజం సోదాల్లో చాలాసార్లు ఏమీ దొరకదు. అలాంటి రోజు బయటికొచ్చాక ఎవరిచేతనైనా ఓ తూటా దాచిపెట్టించి, అది పట్టాకే బండెక్కించు. లేకపోతే దానికి పని మీద విసుగొస్తుంది.

ఆదివారం రా. నా పాత తోలు పట్టీ ఉంది, మెత్తబడింది. కొత్తవి మెడకి ఒరుసుకుంటాయి.

మీ మావయ్య