ప్లేట్‌లెట్లు తగ్గినా రక్తం గడ్డ కడుతుందా?

ప్రశ్న: మోకాలి ఆపరేషన్ తర్వాత నాన్నగారికి రక్తం గడ్డ కట్టకుండా హెపారిన్ అనే మందు ఇచ్చారు. ఏడో రోజుకి ప్లేట్‌లెట్లు 2,40,000 నుంచి 90,000కి పడిపోయాయి. పైగా కాల్లో రక్తం గడ్డ! ‘పీఎఫ్4’ పరీక్ష పాజిటివ్ వచ్చింది. మందు మార్చాక ఇప్పుడు కులాసా. అసలేమిటిది?
– ఓ పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: మీరు పడ్డ టెన్షన్ అర్థమైందమ్మా. ఇదే ఊళ్లో ల్యాబులో ముప్పై ఏళ్లుగా రక్తం స్లైడ్లు చూస్తున్నాను. మైక్రోస్కోపు కింద ప్లేట్‌లెట్ చిన్న ఊదారంగు నలకలా ఉంటుంది. ఆ నలక తన లోపలి రేణువుల్లో దాచుకునే ప్రోటీనే ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4, అంటే మీరు రాసిన పీఎఫ్4. 70 అమైనో ఆమ్లాల గొలుసులు నాలుగేసి జట్టు కడతాయి. గాయమైతే ఈ ప్రోటీన్ బయటికొచ్చి తెల్లకణాలను కదిలిస్తుంది. ఎర్రకణంలో దూరిన మలేరియా క్రిమిని సైతం చంపగలదు. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే.

పీఎఫ్4ది ధనావేశం, హెపారిన్‌ది రుణావేశం. రెండూ అతుక్కుంటే, కొందరి ఒంట్లో ఆ జంట మీద యాంటీబాడీలు పుడతాయి. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. అలా రేగినవి గడ్డల్లో ఖర్చైపోతాయి కాబట్టే కౌంటు పడుతుంది. మామూలుగా 5 నుంచి 10 రోజుల మధ్య బయటపడుతుంది, నాన్నగారిదీ అంతే.

ఇకపై ఏ ఆస్పత్రికెళ్లినా హెపారిన్ పడదని ముందే చెప్పండి. చీటీ రాసి ఆయన పర్సులో పెట్టండి.