జీడిచెట్టు మొదట్లో పొట్టు రాలుతుంటే ఆకుల మీద మందు కొడతారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. రెండెకరాల జీడితోట, తిత్లీ తుపానుకు పోగా మిగిలిన ముదురు చెట్లు. రెండేళ్లుగా ఒక్కో చెట్టు ఆకు పండిపోయి, రాలి, ఎండిపోతోంది. మొదట్లో బంక కారుతోంది, రంపపు పొట్టులాంటిది పడుతోంది. పోషకాల లోపమని షాపులో సూక్ష్మపోషకాలూ పురుగుమందూ కలిపి ఇస్తే రెండుసార్లు కొట్టాం, తగ్గలేదు. పక్క తోటకు లేనిది మాకే ఎందుకొచ్చింది? ఇంకేం కొట్టాలి?

– ఒక రైతు

జవాబు: ఇంకేమీ కొట్టకండి. ఇది పోషకాల లోపం కాదు, కాండం, వేరు తొలిచే పురుగు. మొదట్లో బంక, పొట్టు కనబడ్డాక వేరే అనుమానం అక్కర్లేదు. పురుగు బెరడు కింద ఉంటే మీరు ఆకుల మీద మందు కొట్టారు. చెట్టు మొదలు చూడకుండా మందు ఇచ్చిన షాపు మాట ఎలా నమ్మారండీ?

మీ తోటకే ఎందుకంటే, దీని పిల్లపురుగు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు నడిచి పోలేదు. కాబట్టి తల్లి పెంకుపురుగు చోటు చూసుకునే గుడ్లు పెడుతుంది. నేల నుంచి మీటరు ఎత్తు లోపు బెరడు పగుళ్లు, పైకి తేలిన వేర్లు దానికి ఇష్టం. లేత చెట్లకు ఆ పగుళ్లు తక్కువ, మీ చెట్లకు కావలసినన్ని. పైగా ఇప్పటికే పురుగు తొలుస్తున్న చెట్టు పొట్టు వాసనకు ఇంకొన్ని తల్లిపురుగులు వస్తాయి. ఒక్క చెట్టును పట్టించుకోకపోతే దాని చుట్టుపక్కల చెట్లకూ పట్టేది అందుకే. మీరు రాయలేదు గానీ, ఎండిన చెట్లను వంటచెరకుకని తోటలోనే ఉంచి ఉంటారు. ఉద్దానంలో చాలామంది చేసే పనే ఇది. ఆ మానుల్లోంచే పెంకుపురుగులు బయటికొస్తాయి.

ముందు వాటిని వేళ్లతో సహా తీసి తోట దాటించండి, గట్టు మీద పేర్చవద్దు. ఆకు పండిపోయి, మొదలు చుట్టూ సగానికి పైగా బెరడు పోయిన చెట్లు కూడా బతకవు, తీసేయండి.

మిగతావాటికి పొట్టు వస్తున్నచోట ఉలితో బెరడు లేపి, సొరంగం వెంట పోయి పురుగును తీసి చంపండి. చుట్టూరా చెక్కితే చెట్టే చస్తుంది, పాడైనంత మేరకే చెక్కండి. తర్వాత లీటరు నీటికి 10 మి.లీ. క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి. కలిపి చెక్కినచోట, మొదలు చుట్టూ బాగా తడిసేలా పూయండి. చేతికి తొడుగులు తప్పనిసరి. 15 రోజులకు మళ్లీ చూడండి. కొత్త పొట్టు కనబడితే లోపల ఇంకో పురుగు ఉన్నట్టే, మళ్లీ చెక్కాలి.

పురుగు పట్టని చెట్లకు లీటరు నీటికి 50 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు పొడి కలిపి మీటరు ఎత్తు వరకు, పైకి తేలిన వేర్లకు కూడా పూయండి. జనవరి-ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరు-అక్టోబరులో ఒకసారి. గుడ్లు ఎక్కువగా డిసెంబరు నుంచి మే లోపు పెడుతుంది. జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఎలాగూ ప్రతి చెట్టు కిందికీ వెళ్తారు, అప్పుడే మొదలు కూడా చూడండి. నేలకు వాలిన కొమ్మలు, మొదట్లో కలుపు ఉంటే పొట్టు కనబడదు, అవి ముందే తీసేయండి.

పక్క తోట చెట్లూ ముదురువే అయితే ఆయన్నీ ఈ ఏడే వేపనూనె పూయమనండి.