అక్కను కాపలా పెట్టకు

అమ్మడూ,

చిన్నాడికి బళ్లో స్నేహితులు లేరని కనిపెట్టావట, ఇకనుంచి ఆటలకి కూడా వాళ్లక్కని వెంట పంపుతావట, మీ అమ్మ చెప్పింది. మొదటి మాటకి మురిసిపోయాను. రెండో మాటకే గుబులు పుట్టింది.

ముందు టీచరుతో మాట్లాడు. వాడే బిడియపడి పక్కనుంటున్నాడా, చేరబోతే మిగతావాళ్లు తోసేస్తున్నారా తెలుసుకో. ఎవరైనా ఏడిపిస్తుంటే ఆపాల్సింది పెద్దవాళ్లు, అక్క కాదు.

అక్క తోడు వట్టిదనను. బళ్లో ఎవరూ లేని పిల్లలకి ఇంట్లో ప్రేమగా చూసుకునే అక్కో అన్నో ఉంటే దిగులు కొంత తగ్గుతుంది. కొంతే. తరగతిలో స్నేహితుడు లేని లోటు దాంతో పూడదు. అక్క కావాలని ఓడిపోతుంది, అలిగితే బతిమాలుతుంది, వాడు నోరు తెరవకముందే వాడి తరఫున చెప్పేస్తుంది. తోటివాడు అవేం చెయ్యడు. రెండోసారి అలిగితే ఇంకొకడి దగ్గరికి పోతాడు. అక్క పక్కనుంటే పిల్లలు కూడా "మీ తమ్ముడు ఆడతాడా?" అని దాన్నే అడుగుతారు. వీడు తలూపి ఊరుకుంటాడు. అయినా దాని స్నేహాలు దానికుండాలి కదే! అది విసిగి ఒక్కరోజు రానంటే వీడికున్న ఆసరా కాస్తా పోతుంది.

అక్క సాయం ఇంటివరకే. ఆటలో చేరడం దాంతో సాధన చేయించు: కాసేపు దగ్గర నిలబడి చూడాలి, వాళ్లు చేస్తున్నదే తానూ చెయ్యాలి, ఆట ఆగినప్పుడు ఆ ఆట గురించే ఓ మాట అనాలి. "నన్నూ చేర్చుకోండి" అంటే "వద్దు" అనడం తేలిక. అప్పుడప్పుడూ వాణ్ణి నిజంగానే ఓడించమను.

తర్వాత ఒక్క పిల్లాణ్ణే ఇంటికి పిలువు. ఇద్దరొస్తే వాళ్లిద్దరూ ఒకటై వీడు మిగిలిపోతాడు. గంట చాలు, ఇంకా ఆడాలని ఉండగానే ఆపెయ్. వీడు ఎవరికీ ఇవ్వని బొమ్మలు ముందే దాచెయ్. టీవీ, ఫోను వద్దు. ఇద్దరూ కలిస్తేనే సాగే ఆట పెట్టు. ఆ గంటా అక్క వేరే గదిలో ఉండాలి. నువ్వూ తొంగిచూడకు.

వచ్చేవాడు ఏడాది, ఏడాదిన్నర చిన్నయినా నామోషీ అనుకోకు. 1979లో ఫర్మన్, రాహే, హార్టప్ అనే పరిశోధకులు ప్రీస్కూల్లో ముడుచుకుపోయే పిల్లల్ని జంటలుగా 10 సార్లు ఆడించి చూశారు. తమకంటే చిన్నవాళ్లతో ఆడినవాళ్లే తరగతిలో ఎక్కువగా కలిశారు. చిన్నవాడి దగ్గరైతే ఆట నడిపించే వంతు వీడికొస్తుంది మరి.

వారం వారం అదే పిల్లాణ్ణి పిలువు, రెండుసార్లకే కుదర్లేదని మార్చకు. తిండి, నిద్ర తగ్గినా, బడికెళ్లనని మొండికేస్తున్నా మాత్రం ఆలస్యం చెయ్యకుండా పిల్లల మానసిక నిపుణులకి చూపించు.

పెద్దదాన్ని కూర్చోబెట్టుకుని, ఇక తమ్ముడి వెంట వెళ్లక్కర్లేదని నువ్వే చెప్పు. ఎందుకో కూడా చెప్పు. లేకపోతే తనేదో సరిగ్గా చెయ్యలేదనుకుంటుంది.

పెద్దమ్మ