ఆట మానేస్తున్న కుర్రాడు కోచ్ అవుతానంటే నమ్మవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడికి 24 ఏళ్లు. కౌంటర్ స్ట్రైక్ అనే కాల్పుల వీడియో గేమ్ జట్టులో ఆడుతున్నాడు. చెయ్యి మునుపటిలా ఆడటం లేదు కాబట్టి ఇక కోచ్‌గా మారతానంటున్నాడు. అదొక బతుకుతెరువేనా? ఉద్యోగం చూసుకోమని చెప్పాలా?"

బతుకుతెరువే. కానీ "చెయ్యి ఆడటం లేదు కాబట్టి" అన్న మాట నాకు నచ్చలేదు. కోచ్ పని అలసిపోయిన ఆటగాడికి ఇచ్చే పింఛను కాదు. ఆ బుద్ధి ఆడే రోజుల్లోనే కనిపిస్తుంది. రౌండ్ పోయాక మీ తమ్ముడు దేని గురించి మాట్లాడతాడో గమనించండి. తన గురి తప్పడం గురించి మాట్లాడితే వాడు ఆటగాడు. ఐదుగురూ ఎక్కడెక్కడ నిలబడ్డారో చెబితే వాడిలో కోచ్ ఉన్నాడు.

నేను విజయవాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ పాత వెర్షన్ 1.6 ఆడినవాడిని. ఉద్యోగంలో చేరాక సాయంత్రాలు ఒక కాలేజీ జట్టుకు కోచ్‌గా పనిచేశాను. అక్కడ ఏర్పడిన నా గట్టి నమ్మకం ఏమిటంటే, మధ్యరకం ఆటగాళ్లే గొప్ప కోచ్‌లు అవుతారు. పుట్టుకతో గురి కుదిరినవాడికి "ఎందుకు గెలిచాం" అని అడగవలసిన అవసరమే రాదు. గురి చాలనివాడు మాత్రం రోజూ ఆ ప్రశ్నతోనే నిద్రపోతాడు.

కొరియాకు చెందిన కిమ్ జంగ్-గ్యున్‌ను చూడండి. కోమా అన్న ఆట పేరుతో ఆయన లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే మరో వీడియో గేమ్ చూసేవాళ్లందరికీ తెలుసు. స్టార్‌టేల్ జట్టులో జంగ్లర్ స్థానంలో ఆడిన రోజులు ఎంతమందికి గుర్తున్నాయి? కోచ్‌గా మాత్రం ఎస్‌కేటీ జట్టుతో 2013, 2015, 2016 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. టీ1గా పేరు మారిన అదే జట్టుకు మళ్లీ తిరిగివచ్చి 2024లోనూ, 2025లోనూ గెలిచాడు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ ఆటలో కొరియాకు స్వర్ణం వచ్చినప్పుడు కోచ్ ఆయనే. ఉక్రెయిన్‌కు చెందిన బ్లేడ్ కూడా అంతే. ఫ్లిప్‌సైడ్ అనే కౌంటర్ స్ట్రైక్ జట్టు కెప్టెన్‌గా ఆడినప్పుడు అతని పేరు వ్యూహాలకే గాని గురికి వినిపించేది కాదు. అతను కోచ్‌గా ఉన్న నావీ జట్టు 2021 స్టాక్‌హోమ్ మేజర్‌ను (మేజర్ అంటే కౌంటర్ స్ట్రైక్‌లో అతి పెద్ద టోర్నీ) ఒక్క మ్యాప్, అంటే ఒక్కో మైదానంలో ఆడే ఆట, కూడా ఓడకుండా గెలిచింది. 1.6 కాలంలో ఎంటీడబ్ల్యూ జట్టులో పేరున్న ఆటగాడైన డెన్మార్క్ జోనిక్‌ను నా వాదనకు వ్యతిరేక ఉదాహరణగా చూపేవాళ్లు ఉంటారు. నిజమే, కోచ్‌గా ఆయన ఆస్ట్రాలిస్ జట్టుతో నాలుగు మేజర్లు, 2023లో వైటాలిటీ జట్టుతో పారిస్ మేజర్ గెలిచాడు. అయినా ఆస్ట్రాలిస్ గెలిచిన తీరు చూడండి: గ్రెనేడ్లు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ వేయాలన్న క్రమశిక్షణ, మనస్తత్వ నిపుణురాలితో పని. ఇందులో గురికి సంబంధించినది ఏముంది?

కోచ్ విలువ తెలియాలంటే 2016 నిబంధన ఒక్కటి చాలు. అంతకుముందు కోచ్ వెనక నిలబడి రౌండ్ నడుస్తుండగానే కాల్స్, అంటే ఏం చేయాలో ఆదేశాలు, ఇచ్చేవాడు. జట్టులో ఆరో మనిషి అయిపోతున్నాడని కౌంటర్ స్ట్రైక్ తయారు చేసే వాల్వ్ సంస్థ అడ్డుకట్ట వేసింది. వార్మప్‌లోనూ, హాఫ్ టైమ్‌లోనూ, 30 సెకన్ల చొప్పున నాలుగు టైమవుట్లలోనూ తప్ప కోచ్ ఆటగాళ్లతో మాట్లాడకూడదంది. పనికిరాని మనిషి నోరు ఎవరైనా మూయిస్తారా? 2020లో ఆటలోని ఒక లోపాన్ని వాడుకుని మ్యాప్‌ను దొంగచాటుగా చూసినందుకు 37 మంది కోచ్‌లపై నిషేధాలు పడ్డాయి. ఆ వార్త చదివిన రోజున నాకు అన్నం సహించలేదు. చూడటమే తన పనైనవాడు దొంగచూపు చూడటం కన్నా నీచం ఏముంటుంది?

ఆ 30 సెకన్లలో ఏం జరుగుతుందో చెబుతాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్, సెమినార్ హాలు. ఇన్ఫర్నో మ్యాప్. మేం డిఫెండ్ చేస్తున్నాం, అంటే సమయం అయ్యేలోపు అవతలివాళ్లు ఏ సైటులోగాని బి సైటులోగాని బాంబు పెట్టకుండా ఆపాలి. 4-9తో వెనకబడ్డాం. నేను నోటుపుస్తకం పట్టుకుని కుర్రాళ్ల వెనక నిలబడ్డాను. మొదటి ఐదారు రౌండ్లలోనే నాకు విషయం అర్థమైంది. బి సైటుకు దారితీసే బనానా అనే సందులో మావాళ్లు రౌండ్ మొదలైన 20 సెకన్లలోపే స్మోకులు (పొగ గ్రెనేడ్లు), ఫ్లాష్‌లు (కళ్లు చెదరగొట్టేవి), మోలీలు (మంట పెట్టేవి) అన్నీ కుమ్మరించేస్తున్నారు. స్మోక్ నిలిచేది 18 సెకన్లే. అవతలి జట్టు తీరిగ్గా అది కరిగేదాకా ఆగి, చివర్లో ఒక్కసారిగా మీద పడుతోంది. అప్పటికి మావాళ్ల చేతుల్లో తుపాకులు తప్ప ఏమీ లేవు. ఇదంతా తెలియక మా కెప్టెన్ బి సైటులో ఉన్న కుర్రాడి మీద విరుచుకుపడుతున్నాడు. వాడు తలెత్తకుండా స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

టైమవుట్ తీసుకున్నాను. మొదటి పది సెకన్లు అందరూ ఒకేసారి అరిచారు. "అన్నా, వీడిని ఏ సైటుకు మార్చు" అన్నాడు కెప్టెన్. "ఎవరినీ మార్చను. నువ్వే బి సైటుకు వెళ్లి వాడి పక్కన నిలబడు" అన్నాను. ఆ కుర్రాడి భుజం తట్టి "ఒక స్మోక్, ఒక మోలీ దాచుకో. గడియారంలో 30 సెకన్లు మిగిలేదాకా వాటిని ముట్టుకోవద్దు" అన్నాను. అంతలో టైమవుట్ అయిపోయింది.

తర్వాతి రౌండులో వాళ్లు అలవాటు ప్రకారం ఆగారు, అలవాటు ప్రకారం వచ్చారు. బనానా మలుపులోనే మోలీ పగిలింది. ముందున్న ఇద్దరూ మంటల్లోనే పోయారు. మిగిలినవాళ్లు స్మోక్ ముందు తచ్చాడుతుండగానే సమయం అయిపోయింది. ఆ కుర్రాడు ఒక్క తూటా కూడా కాల్చలేదు. ఆ మ్యాచ్ 16-14తో గెలిచాం. నాకు వాళ్లకన్నా ఎక్కువ తెలుసని కాదు. నా చేతిలో మౌస్ లేదు కాబట్టి నాకు గడియారం కనిపించింది.

బహుమతి ప్రదానంలో వేదిక మీదకు ఐదుగురినే పిలిచారు. టీషర్టులు ఐదే. కోచ్‌ను పిలవాలన్న ఆలోచనే నిర్వాహకులకు రాలేదు. మన దగ్గర కోచ్ అంటే ఇప్పటికీ ఇదే లెక్క. స్పాన్సర్ జారిపోతే మొదట ఆగేది కోచ్ జీతమే. బీజీఎంఐ అనే మొబైల్ గేమ్ 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చింది. ఆ మధ్య నెలల్లో నాకు తెలిసిన ఒక కోచ్ ఇంటి అద్దెకు అప్పు చేశాడు. ఒక్క ఆటను నమ్ముకున్న జీవితం అలాగే ఉంటుంది.

ఇక మన బంధువులు. ఈస్పోర్ట్స్ (పోటీగా ఆడే వీడియో గేమ్స్) అనగానే "రమ్మీ లాంటిదేనా" అంటారు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూనే ఈస్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. చట్టానికి తెలిసిన తేడా మేనమామలకు తెలియడం లేదు. మీ ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటే దయచేసి అక్కడే సరిదిద్దండి, తమ్ముడి తరఫున మీరే నిలబడాలి.

ఈ ఆదివారం అతని ముందు ఒక డెమో, అంటే మ్యాచ్ రికార్డింగ్, పెట్టండి. అతను ఆడని మ్యాచ్ అయి ఉండాలి. వ్యాఖ్యానం ఆపేయండి. ప్రతి రౌండూ సగంలో ఆపి, ఎవరు గెలుస్తారో, ఎందుకో అడగండి. కారణాలు సరిగ్గా చెబుతుంటే ఉద్యోగం వెతుక్కోమని ఒత్తిడి చేయకండి. డిగ్రీ మిగిలి ఉంటే మాత్రం పూర్తి చేయించండి. ఏ జట్టులో చేరినా నెల జీతం ఎంతో, ప్రైజ్ మనీలో కోచ్ వాటా ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టమనండి.